తొలి పిలుపుకు పలకొద్దు

మా చెల్లెలు రమ ఇచ్చిన హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే ముందు వినిపించింది వాన వెలిశాక చూరు నుంచి నీళ్లు జారే చప్పుడు, దాని వెనకే చిన్న రోట్లో తమలపాకు దంచుతున్న టకటక. మడికొండలో తనూ ఇద్దరు స్నేహితులూ కలిసి తయారుచేస్తున్న వీడియో గేమ్ అది. భయపెట్టే ఆటే గానీ దయ్యం ఎక్కడా కనిపించదు. మసకబడుతున్న ఇల్లు, మూసిన తలుపు, బయట నుంచి పిలిచే ఒక గొంతు, అంతే. తొలి పిలుపుకు మైకులో పలికామా, ఆట ముగిసినట్టే. ఆ గొంతు పోయినేడు కన్నుమూసిన మా అవ్వది. ఆవిడ కథ చెబుతుంటే రమ ఫోన్లో రికార్డు చేసి పెట్టుకుంది. ఆ యాస బయటివాళ్లకు అర్థం కాదు, ఎవరైనా నటితో చెప్పిద్దామని స్నేహితులు పట్టుబడుతున్నారట. ఉంచాలో తీసేయాలో ఆడి చెప్పమని నన్ను కూర్చోబెట్టింది.

మా చిన్నతనంలో కాజీపేట రైల్వే క్వార్టర్లో సాయంత్రం కరెంటు పోయిందంటే మాకు పండగే, బతుకమ్మ నాళ్లలో అయితే మరీను: తట్టలో గునుగు పూల పచ్చివాసన, అమ్మ దంచిన నువ్వుల సద్ది, బెల్లం కలిపిన మలీద ముద్దలు, యార్డు నుంచి ఇంజన్ల కూతలు, చిర్రగోనె ఆడి దుమ్ముకొట్టుకుపోయిన కాళ్లతో అవ్వ చుట్టూ చేరే మేము. నెక్కొండ దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన అవ్వ దయ్యాన్ని ఏనాడూ వర్ణించేది కాదు. “కండ్లకు కనవడ్తె అదేం దయ్యం రా?” అనేది. కథ బిగువందుకున్న చోట ఆపేసి, తీరిగ్గా ఆకు దంచుకుని, సున్నం కలుపుకుని, నోట్లో వేసుకునేది. ఆ కాస్త సేపట్లో మా పై ప్రాణాలు పైనే పోయేవి. అంత ఓపిగ్గా భయపెట్టగల మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అవ్వ దయ్యానికి ఒకటే విద్య. మనకు ఇష్టమైనవాళ్ల గొంతుతో గడప దగ్గరికొచ్చి పిలుస్తుంది, కానీ రెండోసారి పిలవడం దానికి చేతకాదు. అందుకే పొద్దుగూకాక మా ఇంట్లో తొలి పిలుపుకు ఎవరం పలికేవాళ్లం కాదు. నాన్న గూడ్సు బండికి గార్డు. డ్యూటీ పడితే కాల్‌మెన్ ఇంటికొచ్చి పిలిచేవాడు. ఒక సాయంత్రం అమ్మ బతుకమ్మ ఆడటానికి వెళ్లింది, నాన్న లోపల నిద్రపోతున్నాడు. బయట నుంచి “ఓ గార్డు సాబ్!” అని వినిపించింది. అవ్వ ఒక చేత్తో నా నోరూ ఇంకో చేత్తో రమ నోరూ మూసేసింది. రెండో పిలుపు రాలేదు. ఇంట్లో ఎవరూ లేరనుకుని కాల్‌మెన్ వెళ్లిపోయాడు, మేమేమో దయ్యాన్ని గెలిచినంత సంబరపడ్డాం. కాసేపటికి ఇంకో మనిషి సైకిలు మీద ఆదరాబాదరా వచ్చి, బండికి వేళ దాటుతోందంటూ తలుపు బాదాడు. నాన్న గుండీలు పెట్టుకుంటూనే ఒంటికాలిమీద లేచాడు.

“గాయిన దయ్యమానే అమ్మా? నా నౌకరి పోయేటట్టున్నది!”

“మనిషైతె ఇంకోపారి పిలువకపోవునా?” అంది అవ్వ, తొణక్కుండా.

ఆ తర్వాత కాల్‌మెన్ మా గుమ్మం ముందు మాత్రం రెండుసార్లు పిలిచేవాడు, ప్రతిసారీ నవ్వుకుంటూ.

ఇప్పుడు డ్యూటీ కబుర్లు ఫోన్లకే వస్తున్నాయి. ఇంటికొచ్చినవాళ్లు బెల్లు నొక్కుతారు, లేదంటే గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తారు. చీకటి ఇన్వర్టర్ అందుకునేదాకానే. వాకిట్లో నిలబడి గొంతెత్తి పిలిచేవాళ్లే లేరు. రమ ఆ పోయిన సాయంత్రాన్ని ఎలా పట్టుకుందో గానీ, నా చెల్లెలని కాదు, ఆ పనితనానికి దండం పెట్టాలనిపించింది.

హెడ్‌ఫోన్లలో ఆకు దంచే చప్పుడు ఆగింది.

“బిడ్డా... తలుపు తియ్యి, నేనే.”

“వస్తున్ననే అవ్వా,” అన్నాను. తెర నల్లబడిపోయింది.

“ఏందన్నా, ఎర్కుండి గూడ పల్కితివి?” అంది రమ. “గొంతు ఉంచాల్నా, మార్వాల్నా?”

“ఉంచు,” అన్నాను కళ్లు తుడుచుకుంటూ. “గని ఈ ఆట నాతోని కాదు. అవ్వ పిలుస్తాంటె పల్కకుండ ఎట్ల ఉంటనే?”