నోరీన్ ఓటు ఎవరికి?

నోరీన్‌కు చూపు చిన్నప్పుడే పోయింది. అనుమానం మాత్రం అంతకు ముందునుంచే ఉందని ఆమె చెల్లెలు బెవ్ అంటుంది. వాసన చూడనిదే పాలు టీలో పోయదు. టాక్సీ ఒక మలుపు ఎక్కువ తిరిగిందంటే డ్రైవరు పని అయిపోయినట్టే. ఆసుపత్రి టెలిఫోన్ బోర్డు దగ్గర జీవితమంతా పనిచేసిన మనిషి, గొంతు వినే అవతలివాళ్లను తూకం వేస్తుంది. నేను పక్కింటివాణ్ణి, పాల ట్యాంకర్ నడిపి రిటైరయినవాణ్ణి. నన్నూ వదల్లేదు. మందు డబ్బా మీద ఏముందో నేను చదివి చెబితే, మర్నాడు దాన్నే ఇంకొకరిచేత చదివించుకుంది. నాకు ఒళ్లు మండదా?

ఒక్క విషయంలో మాత్రం ఆమె అనుమానం తీరే దారి లేదు. ఆస్ట్రేలియాలో మా గిప్స్‌లాండ్ తీరాన ఊరి కౌన్సిల్ ఎన్నికల ఓటు కాగితాలు పోస్టులో ఇంటికే వస్తాయి. బెవ్ వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అక్క చెప్పినట్టు అభ్యర్థుల పేర్ల పక్కన ఒకటి, రెండు అని అంకెలు వేసి కవరు అంటించేది. చెప్పినట్టే వేసిందో లేదో దేవుడికెరుక. ఇన్నేళ్లలో నోరీన్ ఆ మాట పైకి అనలేదు. ఈసారి బెవ్ మొగుడు క్లైవే నిలబడ్డాడు. గెలిస్తే ఖర్చు దండగని ఆసుపత్రి బస్సు ఎత్తేయిస్తానని ఊరంతా చెప్పుకు తిరిగాడు. నోరీన్ వారంవారం ఎక్కేది ఆ బస్సే.

చూపులేనివాళ్లు ఈసారి వెబ్‌సైటులో తమ ఓటు తామే వేసుకోవచ్చని, అందుకు కావలసిన అందుబాటు ప్రమాణాలన్నీ పాటించామని కౌన్సిల్ ప్రకటించింది. "అన్నీ" అన్న మాట దగ్గరే నోరీన్ పెదవి విరిచింది. ఓటింగ్ మొదలైన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోను తెరిచింది. తెర మీదున్నది చదివి వినిపించే గొంతు "బొమ్మ, బటన్, బొమ్మ, బటన్" అని ఊరుకుంది. అభ్యర్థుల పేర్లన్నీ వాళ్ల ఫోటోల్లోనే అచ్చేశారు. ప్రతి బొమ్మకూ మాటల్లో వివరం తగిలించాలన్నది ఆ ప్రమాణాల్లో ఓనమాలు.

కౌన్సిల్ ఆఫీసుకు తీసుకెళ్లాను. లాక్లన్ అనే కుర్ర అధికారి మర్యాదస్తుడే. ఎన్నికలయ్యాక సరిచేస్తామని, ఈలోగా పేర్లు చదివి ఓటు తానే వేసిపెడతానని అన్నాడు.

"వేసిపెట్టేవాళ్లు నాకు ఇంట్లోనే ఉన్నారు నాయనా. నీకెందుకు శ్రమ," అంది నోరీన్.

అక్కడే కుర్చీలో బైఠాయించింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. ఇదంతా క్లైవ్ చేయించిందేనని దారి పొడుగునా నాకు నూరిపోసింది. నేనూ సగం నమ్మాను. తీరా చూస్తే, ఫోటోలు ఎక్కించినమ్మాయి వివరం రాయాల్సిన గడి ఖాళీగా వదిలేసిందట, అంతే. గడువు ముగిసే ముందురోజు సరిచేశారు. ఇంట్లో ఫోనులో ఆ గొంతు మొదటి పేరు చదవగానే నోరీన్ నన్ను బయటికి పొమ్మని తలుపు వేసుకుంది.

సాయంత్రం బెవ్ వచ్చి కాగితం ఏదని అడిగింది. ఓటు వేసేశానని చెప్పింది నోరీన్. బెవ్ మొహం మాడిపోయింది.

"ఎవరికేశావక్కా?"

నోరీన్ ఫోను తీసి చేతిసంచిలో పెట్టుకుంది.

"ఇన్నేళ్లూ నువ్వు చెప్పినట్టే వేశాను. మా ఆయనకు గిట్టనివాళ్ల పేరు చెప్పినా వేశాను. నా మీద నమ్మకం లేదా నీకు?"

"వేసే ఉంటావే," అంది నోరీన్ మెల్లగా. "కానీ నాకు తెలిసే దారేది?"

బెవ్ ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. నాకు ఆమె మీద జాలేసింది, నోరీన్ మీద కోపమొచ్చింది. నోరీన్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

క్లైవ్ ఓడిపోయాడు. ఆదివారం భోజనాలకు అక్కను పిలవడం మానేశారు. బెవ్ నన్ను సూపర్‌మార్కెట్లో ఆపి, నీకు తెలిసే ఉంటుందని నిలదీస్తుంది. తెలియదంటే నమ్మదు. మొన్న ఇక ఉండబట్టలేక నోరీన్‌నే అడిగేశాను.

"నువ్వెవరికేశావ్, డగ్?" అంది.

అది నా సొంత విషయం అన్నాను.

"నాదీ అంతే," అంది.