ఆయనకు పడిన గాలి నాకు పడలేదు

మా ఆయనకు ఆయాసం మొదలైంది డిసెంబరులో. ఉద్యోగ విరమణ చేసి అప్పటికి ఏడాది కాలేదు. పొద్దున్నే పాలప్యాకెట్ కోసం చిక్కడపల్లి మెయిన్ రోడ్డు దాకా వెళ్లి, తిరిగి మెట్లెక్కి వచ్చేసరికి ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించేవి. నారాయణగూడలో డాక్టరుకు చూపించాం. ఆయన ఇన్‌హేలరు రాసిచ్చి, మేం లేచేముందు మాటవరసకు, "కుదిరితే కొన్నాళ్లు గాలి మార్పు మంచిదండీ" అన్నాడు.

మా ఆయన ముప్ఫై నాలుగేళ్లు ప్రభుత్వాఫీసులో పనిచేసిన మనిషి. ఆ మాటను బదిలీ ఉత్తర్వులా పుచ్చుకున్నారు.

ఆ సాయంత్రమే కోఠి వెళ్లి పొడుగాటి నోటుబుక్కు ఒకటి కొనుక్కొచ్చారు. ఎడమ పేజీ హైదరాబాదుకు, కుడి పేజీ సముద్రతీరానికి. ఫోనులో చూసి రెండుచోట్లా గాలి నాణ్యత ఎంతుందో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసేవారు. మన అంకెలు ఎర్రసిరాతో, తీరం అంకెలు ఆకుపచ్చ సిరాతో. ఇక ఫలితం ఎటు మొగ్గుతుందో నాకు మొదటిరోజే తెలిసిపోయింది.

"మనది కోస్తా రక్తం. ఉప్పుగాలి మన ఊపిరితిత్తులకు కొత్త కాదు" అనేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా మామగారు ఉద్యోగం మీద కోస్తా నుంచి ఇక్కడికొచ్చారు. మా ఆయన పుట్టింది చిక్కడపల్లిలోనే. చదివిందీ, ఉద్యోగం చేసిందీ, నన్ను పెళ్లి చేసుకుని తెచ్చిందీ ఇక్కడికే. సముద్రాన్ని ఆయన అయిదారుసార్లు చూసి ఉంటారేమో. అదీ ఎవరో ఒకరి పెళ్లికి వెళ్లినప్పుడే. ఆ సంగతి నేను గుర్తుచేయలేదు.

మా అపార్ట్‌మెంటు మేడమీద గదిలో ఒక అమ్మాయి కిరాయికి ఉండేది. నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె. నాలుగేళ్లుగా గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. తెల్లవారితే అశోక్‌నగర్ స్టడీహాలుకు వెళ్లిపోయేది, ఆదివారం మాత్రం మా ఇంట్లో టీ తాగుతూ పేపరు చదివేది. ఒక ఆదివారం ఆ నోటుబుక్కు ఆమె కంటపడింది.

"ఏంది అంకుల్, మీరు గూడ గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్నరా?"

మా ఆయన సంగతంతా వివరించారు. ఆమె శ్రద్ధగా విన్నది.

"గాలి మంచిగ లేదని ఊరే ఇడిసిపెట్టి పోతరా? మా ఊళ్లె గాలి మస్తుగుంటది అంకుల్. కని ఆడ మా ఈడోళ్లు ఒక్కలు లేరు. గాలి పీల్చుకుంట కూసుంటే నౌకరీ వస్తదా?"

మా ఆయన దీన్ని ఏ పేజీలో రాయాలో తెలియక నోటుబుక్కు మూసేశారు.

నిర్ణయానికి రావడానికి ఆయనకు మే నెల దాకా పట్టింది. భీమిలిలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక ఇంటి కింది వాటా తీసుకున్నాం. చిక్కడపల్లి ఫ్లాటుకు తాళం వేశాం. ఏడాది చూసి, నచ్చితే దాన్ని అమ్మేయాలన్నది ఆయన ఆలోచన. ఏడాదెందుకని నేను అడిగితే, "అన్నీ తూకం వేసుకుని దిగాలి" అన్నారు.

మొదటి ఉదయం సముద్రం ఒడ్డున నిలబడి ఆయన గట్టిగా గాలి పీల్చి వదిలారు. ఏ కూతా లేదు. మళ్లీ పీల్చారు. "చూశావా?" అన్నారు, ఆ గాలిని తనే తయారుచేసినట్టు. పది రోజుల్లో ఇన్‌హేలరు సొరుగులోకి చేరింది. నిజం చెప్పొద్దూ, నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆరు నెలలుగా ఆ కూతలు వింటూ పడుకున్నదాన్ని నేనే కదా.

కానీ వంటింట్లో సంగతులు వేరుగా నడుస్తున్నాయి. ఉప్పు నీరుకారింది. అప్పడాలు గుడ్డపీలికల్లా మెత్తబడ్డాయి. పిన్నీసులు తుప్పుపట్టి చీరల మీద మచ్చలు చేశాయి. స్నానం చేసి గదిలోంచి బయటికొచ్చేలోపే మళ్లీ చెమట. పైవాటాలో ఉండే ఇంటావిడ ఒకరోజు నా ఉప్పు డబ్బా చూసి నవ్వింది.

"ఏటమ్మా, డబ్బాలో ఎట్టీసారా? గాజు సీసాలో ఎట్టాల. నాలుగు బియ్యం గింజలు కూడా ఎయ్యండి, నీరు లాగీస్తాయి."

ఉప్పుకు సీసా దొరికింది కానీ నాకు దొరకలేదు. వానలు మొదలయ్యాక పడకగదిలో చెక్కబీరువా వెనక గోడ నల్లగా బూజెక్కింది. జూలైలో నాకు దగ్గు పట్టుకుంది. జలుబనుకుని మిరియాల కషాయం తాగుతూ పోయాను. ఒక మధ్యాహ్నం బీరువాలో బట్టలు సర్దుతుండగా ఊపిరి ఆడలేదు. మంచంపట్టె పట్టుకుని కూర్చున్నాను. నా ఛాతీలోంచి పిల్లికూతలు.

మా ఆయన గుమ్మంలో నిలబడిపోయారు.

"అదేంటి, అది నా ఆయాసం కదా!"

ఆ క్షణాన నవ్వొచ్చింది కానీ నవ్వడానికి ఊపిరి లేదు. ఆయనే తేరుకుని, సొరుగులోంచి ఇన్‌హేలరు తెచ్చి నోట్లో పెట్టి, ఆటో పిలుచుకొచ్చారు. ఆసుపత్రికి వెళ్లేదాకా నా చెయ్యి వదల్లేదు. అక్కడి డాక్టరు అన్నీ అడిగి, "మీకు తేమ పడటం లేదమ్మా, బూజు అసలే పడదు. పొడిగా ఉండే ఊరేదైనా ఉంటే అక్కడుండటం మంచిది" అన్నది.

పొడిగా ఉండే ఊరు! దానికి తాళం వేసి, తాళంచెవి సంచిలో పెట్టుకుని వచ్చాం.

ఇంటావిడ గోడ గీకించి సున్నం వేయించింది. నెల చూశాం, తగ్గలేదు. ఆయన గాలి నాకు పడదు, నా గాలి ఆయనకు పడదు. భార్యాభర్తలను ఒకే ఊళ్లో ఉంచమని వేడుకునే అర్జీలు మా ఆయన చేతిమీదుగా ఎన్నో వెళ్లాయి. మా అర్జీ ఎవరికి పెట్టుకోవాలో తెలియలేదు.

"నేనూ వచ్చేస్తాను" అన్నారు.

"వస్తే మీ ఆయాసం కూడా వస్తుంది. మీరుండండి" అన్నాను.

ఆగస్టులో ఒక్కదాన్నే తిరిగొచ్చాను. ఫ్లాటు తలుపు తీస్తే కుర్చీల మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. కింద బస్సులు, ఆటోలు, హారన్లు. నాలుగు రోజుల్లో నా దగ్గు మాయమైంది. ఆయనకు ఫోనులో చెప్పడానికి నాకే సిగ్గేసింది.

నిండిపోయిన ఆ నోటుబుక్కు నాతో పంపించి ఆయన కొత్తది మొదలుపెట్టారు. పొద్దున, సాయంత్రం ఫోను చేసి భీమిలి అంకె చెప్పేవారు, నేను హైదరాబాదు అంకె చెప్పాలి. రెండూ దాదాపు ఒకేలా వచ్చేవి.

"సరిగ్గా చూశావా? కళ్లజోడు పెట్టుకున్నావా?"

మొదటి రెండు వారాలు, ఆయనతో చెప్పలేదు కానీ, హాయిగానే గడిచాయి. ఆకలేసినప్పుడు తిన్నాను, టీవీలో నాకిష్టమైనవి చూశాను. మూడోవారం నుంచి ఆయన ఫోను పది నిమిషాలు ఆలస్యమైతే నాకు ఆయాసం వచ్చినట్టుండేది.

అలాంటి ఒక ఆదివారం మేడమీది అమ్మాయి టీకి వచ్చి, పాత నోటుబుక్కు తిరగేసింది. నా కథంతా చెప్పాను.

"ఆంటీ, ఊరు ఖాయం చేసింది ఈ లెక్కలు జూసేనా? ఇండ్ల పెద్ద అంకెలన్ని చలికాలానివి గద! చలికాలంల పొగ, దుమ్ము పైకి పోవు, కిందనే ఆగుతయి. వానలు పడ్డంక అంత కడుక్కపోతది. గిదంత మా జాగ్రఫీలనే ఉంటది."

"మరి సముద్రం దగ్గర?"

"ఆడ ఉక్కపోత, తేమ ఎండకాలం, వానకాలమే ఎక్కువ. చలికాలం మంచిగుంటది."

"అంటే మేము..."

"జర ఉల్టా చేసిన్రు ఆంటీ."

జవాబు పత్రం దిద్దినంత గంభీరంగా చెప్పి, తర్వాత ఆపుకోలేక నవ్వేసింది. వెంటనే మా ఆయనకు ఫోను చేసి చెప్పాను. సముద్రం హోరు మధ్య ఆయన నోటుబుక్కు పేజీలు తిప్పుతున్న చప్పుడు వినబడింది.

"ఇంత తెలిసిన పిల్లకు ఇంకా ఉద్యోగం ఎందుకు రాలేదో" అన్నారు చివరికి.

సెప్టెంబరు చివర్లో ఆయన వచ్చేశారు. నవంబరులో ఇద్దరం కలిసి భీమిలి వెళ్లాం. ఇంటావిడ చెక్కబీరువా తీసేయించింది, గోడలు ఎండి ఉన్నాయి. ఫిబ్రవరి దాటేదాకా ఇద్దరిలో ఎవరికీ కూత రాలేదు. చలికాలం అక్కడ, మిగతా కాలం ఇక్కడ, ఇప్పుడిది మూడో ఏడు. దోమలగూడ వైపు పార్కులో నడిచే మిత్రులకు మా ఆయన ఈ ఏర్పాటు గురించి చెబుతుంటారు. రెండు ఊళ్లనూ అన్ని కాలాల్లోనూ పరీక్షించి మరీ తేల్చారట. నేను పక్కనే నడుస్తుంటాను.

పోయిన వానాకాలంలో ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బాతో దిగి వచ్చి పోస్టింగ్ ఎక్కడో చెప్పింది. బొగ్గు గనులున్న ఊరు. మా ఆయన చెయ్యి దానంతటదే ఫోను మీదకు వెళ్లింది.

"చూడకుండ్రి అంకుల్. ఎట్లున్నా పోవుడే కద."

ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నారు. మరునాడు ఆమె పుస్తకాల పెట్టెకు ఒక చివర తను పట్టుకుని కిందకు దించారు.

మొన్న ఆమె ఫోను చేసింది. క్వార్టరు ఇచ్చారట, ఊరి నుంచి వాళ్లమ్మను తెచ్చుకుందట. మా ఆయన ఉండబట్టలేక నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"అమ్మకు అక్కడి గాలి పడిందా?"

"అమ్మకు ఫ్యాన్ గాలి పడ్డది అంకుల్. దాని కిందకెల్లి లేస్తనే లేదు."