చెవిలో విన్నదీ, కంప్యూటర్‌లో ఉన్నదీ

మా అత్త ఏ పాటల పుస్తకంలోనూ లేని పాటొకటి పాడేది. ఎవరు కట్టారో ఆమెకూ తెలియదు. శావల్యాపురం దగ్గర మా ఊరి సంఘంలో, ఆమె తర్వాత ఆ పాట చివరిదాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లాక, జ్ఞాపకార్థ కూడికలో వినిపించడానికి దాన్ని రికార్డు చేద్దామని మా మరిది అన్నాడు. అతను నరసరావుపేటలో ఉంటాడు, సంఘాల్లో కీబోర్డు వాయిస్తాడు, ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని పాటలు చేస్తాడు. సరేనన్నాను గానీ, పాట అత్త పాడినట్టే మిగులుతుందా, మరిది చేతిలో ఇంకోటవుతుందా అన్న అనుమానం బస్సెక్కినప్పటి నుంచీ ఉంది. ఆత్మలనే పరీక్షించి చూడమని నేర్పిన చోట పెరిగినదాన్ని. యంత్రాన్ని ఊరికే నమ్ముతానా?

మరిది తన గది కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి, నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. పాట ఎత్తుకున్నాను. నా గొంతు నాకే కాస్త ఆలస్యంగా వినిపించింది. మాట నోట్లోంచి వెళ్లాక చెవిలో మొదలవుతోంది. అది వచ్చి కలుస్తుందేమోనని నేను నెమ్మదిస్తే, అదీ నెమ్మదించేది.

"వదినా, తాళం జారుతోంది," అన్నాడు మరిది.

"జారేది నేను కాదు. ఇందులో ఎవరో నన్ను వెక్కిరిస్తన్నారు."

"ఎవరుంటారు అందులో? నీ గొంతే."

"నా గొంతైతే నాతోపాటే రావాల. వెనకాల నక్కి నక్కి రావడమేంది?"

గుమ్మంలో నిలబడిన తోటికోడలు నవ్వింది. ఆమె గొంతు బాగుంటుంది. పాట నా వల్ల కాదని తేల్చి ఆమెతో పాడించడానికే ఇదంతా చేస్తున్నారేమో అనిపించింది. చేతులకు మేకతోలు కట్టుకుని, అన్నలా నటించి, చూపు పోయిన తండ్రిని చిన్నకొడుకు మోసం చేసిన బైబిలు వాక్యభాగం గుర్తొచ్చింది. గొంతు ఎవరిదో ఆయన చెవి సరిగ్గానే చెప్పింది. ఆయనే చేతుల మీది వెంట్రుకలు తడిమి, చెవిని కాదనుకున్నాడు. నేను మాత్రం నా చెవినే నమ్మాలనుకున్నాను.

"అమ్మాయ్, ఇట్రా. నువ్వు పెట్టుకో ఇది," అన్నాను.

తోటికోడలు రెండు పాదాలు పాడేసరికి తడబడి హెడ్‌ఫోన్లు పీకేసింది. "అబ్బ, నాలిక మడతబడతంది! ఇట్టాంటిది తగిలించి అక్కను పాడమంటున్నావా?" అని మొగుడి మీదికి లేచింది. ఆమె మీద అనుమానం అక్కడితో తీరింది.

మరిది తల గోక్కున్నాడు. మైకుకీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టిన చిన్న పెట్టె కొత్తదట. నా గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి వస్తోందట, ఆలస్యం ఆ రాకపోకలదట. పెట్టె మీద ఒక బటన్ నొక్కి, తిరిగి వచ్చే గొంతును ఆపేశాడు. ఈసారి మైకులో పడింది పడినట్టే చెవికి చేరింది. అత్త పక్కన నిలబడి పాడినప్పటిలా పాట చివరిదాకా సాగింది. కళ్లు తుడుచుకుని హెడ్‌ఫోన్లు తీస్తుంటే ఇంకో అనుమానం పుట్టింది.

"ఇందాక కంప్యూటర్‌లోకి పోయొచ్చిన గొంతు విన్నా. ఇప్పుడు అందులోకి పోకముందే విన్నా. మరి అందులో పడింది ఎట్టుందో నేను విననే లేదుగా?"

"అదీ ఇదే వదినా."

"ఇదేనని నాకెట్టా తెలుస్తది? వినిపించు."

"టీ తాగిరా. ఈలోపు కొంచెం శుభ్రం చేస్తా."

శుభ్రం అన్న మాట నాకు నచ్చలేదు. టీ సగంలో వదిలేసి వచ్చి కూర్చున్నాను. స్పీకర్లో వినిపించాడు. గొంతు నాదే, రాగం అత్తదే. అయినా ఏదో తగ్గింది. అదేమిటో రెండో చరణంలో గానీ దొరకలేదు.

మా సంఘంలో సగం మందికి చదువు రాదు. అందుకే పాట ఎత్తేవాళ్లు ఒక పాదం పాడగానే, రాబోయే పాదాన్ని గబగబా మాటల్లో అందిస్తారు. అది పట్టుకుని అందరూ పాడతారు. అత్తకూ చదువు రాదు. ఆమె అలాగే నేర్చుకుంది, నాకూ అలాగే నేర్పింది. ఆ గదిలో అందుకునేవాళ్లు లేకపోయినా, అలవాటు కొద్దీ పాదాలు అందిస్తూనే పాడాను. కంప్యూటర్‌లో అవి ఒక్కటీ లేవు.

"నేనిచ్చిన పాదాలేమైనయ్?"

"అవి మాటలు కదా వదినా. పాట మధ్యలో పొరపాటున వచ్చాయనుకుని తీసేశా."

"ఊళ్లో పుట్టినోడివేనా? మీయమ్మ పాదం ఇయ్యకుండా ఒక్క పాటన్నా పాడావా నువ్వు?"

"మళ్లీ పెట్టెయ్. పెట్టిందాకా అక్క బస్సెక్కదు," అంది తోటికోడలు. తీసినవి పోలేదట, పక్కన ఉన్నాయట. ఒక్కొక్కటే తెచ్చి దాని చోట పెట్టాడు. పెట్టిన ప్రతిదాన్నీ వినిపించమన్నాను.

కూడిక రోజు స్పీకర్లోంచి నా గొంతు పాదం అందించింది. చాపల మీది ముసలమ్మలు అందుకున్నారు. మరిదీ అందుకున్నాడు. ప్రార్థనలో ఉండాల్సిన మనసును ప్రభువు క్షమించాలి, ఇంకెక్కడన్నా కోశాడేమోనని ఆఖరి చరణం దాకా చెవొగ్గే కూర్చున్నాను. ఒక్కటీ తప్పలేదు.

"ఏంది వదినా, ఇంకా అనుమానమేనా?" అన్నాడు మరిది, స్పీకర్ ఆపుతూ.

"ఫోన్‌కి పంపించు. ఇంటికాడ మళ్లీ వింటా," అన్నాను.