కండక్టరమ్మ కడుపులో గడ్డ

కండక్టరమ్మ సీసాడు నీళ్లు తాగి, స్కానింగ్ గది బయట బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. తాగి ఆపుకోమన్నారు గానీ ఎంతసేపన్నది ఎవరూ చెప్పలేదు. నర్సు తలుపు తీసినప్పుడల్లా సగం లేవడం, పిలుపు వేరొకరికని తెలిసి మళ్లీ కూలబడటం.

"ఇది కడుపనుకున్నావా, నీళ్ల ట్యాంకరనుకున్నావా?" అంది చివరికి.

"ఇప్పుడు వెళ్లొస్తే మళ్లీ తాగాల్సొస్తుందమ్మా" అని నర్సు తలుపేసుకుంది.

పక్కన భర్త ఒళ్లో సంచి పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. ఆయన దర్జీ. మొన్నామధ్య ఆమె కడుపునొప్పికి మొదటి స్కాన్ తీయించినప్పుడూ ఆయనే వెంట వచ్చాడు. ఆమెను బయట కూర్చోబెట్టి, డాక్టరు గదిలోకి ఒక్కడే వెళ్లొచ్చి, "గ్యాసేనట" అన్నాడు. మరి ఈ రెండో స్కాన్ ఎందుకంటే, "ఊరికే, ఇంకోసారి చూస్తారట" అన్నాడు.

ఎట్టకేలకు పిలిచారు. స్కాన్ తీసే డాక్టరమ్మ కడుపు మీద చల్లటి జిగురు పూసి, తెర చూస్తూ మామూలుగా అడిగింది.

"పాత గడ్డ ఎడమ వైపే కదమ్మా?"

"ఏ గడ్డ?"

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "మీ వాళ్లు చెప్పలేదా? గర్భసంచి పక్కన చిన్న గడ్డ కనబడిందమ్మా. పెరిగిందేమో చూడ్డానికే మళ్లీ రమ్మన్నాం."

కండక్టరమ్మ తల తిప్పి తెరకేసి చూసింది. ఈ మధ్య ఇంట్లో జరిగినవన్నీ కళ్లముందు కదిలాయి. పెళ్లయినప్పటి నుంచీ మంచినీళ్ల గ్లాసు కూడా కడగని మనిషి అంట్లు తోమాడు. డ్యూటీ దిగి వచ్చేసరికి వేన్నీళ్లు కాచి పెట్టాడు. ఎప్పుడో మాటలు మానేసిన ఆడపడుచు వచ్చి వాటేసుకుని కంటతడి పెట్టింది. "మా ఆయనకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది" అని డిపోలో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది తను. అదంతా ప్రేమ కాదన్నమాట. జాలి!

స్కాన్ అవగానే బాత్రూముకు వెళ్లొచ్చి, నేరుగా భర్త ముందు నిలబడింది.

"ఎవరెవరికి తెలుసు?"

ఆయన ముఖం పాలిపోయింది. "మా చెల్లికి... మీ తమ్ముడికి. అంతే."

"అంతే! ఊరందరికీ టముకు వేసి నాకు గ్యాసన్నారా?"

"భయపడతావని..."

"బస్సులో తప్పతాగి చెయ్యి ఎత్తినోణ్ణి కాలరు పట్టుకుని నడిరోడ్డు మీద దింపేదాన్ని. నేను భయపడతానా? భయపడితే పడతాను! నా భయం నన్ను పడనివ్వరా?"

బెంచీల మీదివాళ్లు తలలు తిప్పారు. నర్సు నోటి మీద వేలుంచింది. కండక్టరమ్మ ఆమెనూ కసిరింది.

పెద్ద డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. ఆయన ఫిల్ము చూసి, అలవాటుగా దర్జీ వైపు తిరిగి, "చూడండి, మీ ఆవిడకి..." అని మొదలుపెట్టాడు.

"డాక్టరుగారూ, కడుపు నాది. నాతో చెప్పండి. ఏమండీ, మీరు బయట కూర్చోండి."

దర్జీ సంచి తీసుకుని లేచి వెళ్లాడు. డాక్టరు కళ్లజోడు సర్దుకుని ఈసారి ఆమెతోనే మాట్లాడాడు. గడ్డ పెరగలేదు, కాస్త తగ్గింది కూడా. చెడ్డదనిపించే గుర్తులేవీ లేవు. ఆరు నెలలాగి మరోసారి చూస్తే చాలు. ఆమె అడిగిందే మళ్లీ అడిగి, అన్నీ తేల్చుకుని గానీ లేవలేదు.

బయట దర్జీ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. పెదవులు ఎండిపోయాయి. "ఏమన్నారు?"

చెప్పకుండా ఏడిపిద్దామనుకుంది. ఆ ముఖం చూశాక మనసొప్పలేదు.

"తగ్గింది. ప్రమాదం లేదట."

ఆయన అక్కడే బెంచీ మీద కూలబడి, సంచిలో ముఖం దాచుకుని భోరుమన్నాడు. ఆమె ఓదార్చలేదు. కోపం ఇసుమంతైనా చల్లారలేదు. ఏడుపు సద్దుమణిగేదాకా పక్కన నిలబడి, ఆ తర్వాత సంచి లాక్కుని ముందు నడిచింది.

"ఇంటికెళ్లాక మీ చెల్లికి ఫోన్ చెయ్యండి. నేను మాట్లాడాలి" అంది వెనక్కి తిరగకుండానే.