ఆత్మకూరు బొట్టు

రమణి అంత పిరికి మనిషి మా వీధిలో ఇంకొకరు లేరు. మా కుక్క మొరిగితే చేతిలో చీపురు కింద పడేస్తుంది. అలాంటి మనిషి రెండేళ్ళపాటు ఒక షావుకారుకు అబద్ధం చెప్పి సరుకు తెచ్చుకుందంటే ఎవరూ నమ్మరు. కానీ తెచ్చుకుంది. మోసం చేయడానికి గుండె ధైర్యం కావాలని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళకు ఎన్నడూ కడుపు కాలినట్టు లేదు.

ఆమె మొగుడు కోటేశ్వర్ లారీ తోలేవాడు. నాయుడుపేట దగ్గర, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని గుద్ది చనిపోయాడు. పదోరోజున గాజులు తీయించారు, బొట్టు చెరిపారు. ఇంట్లో రమణి, అత్త పోలేరమ్మ మిగిలారు, ఆరు మేకలు మిగిలాయి. మా సీతారామపురం వైపు పల్లెలకు బస్సులే తక్కువ, ఇక బట్టల కొట్ల సంగతి చెప్పక్కర్లేదు. చీరల మూట నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగితే ఇద్దరూ బతకొచ్చని రమణి లెక్క వేసుకుంది.

ఆత్మకూరులో జనార్దనయ్య చీరలు అప్పుకిస్తాడు, అమ్ముకున్నాక కట్టొచ్చు. అయితే ఆయనకొక పట్టింపు. ఇంట్లో సంపాదించే మొగుడున్న ఆడవాళ్ళకే ఇస్తాడు. రేపు తేడా వస్తే నిలదీయడానికి మగవాడు కావాలట. ఆయన్ని ముంచిన వాళ్ళందరికీ నిక్షేపంలాంటి మొగుళ్ళున్నారు. అయినా ఆ పట్టింపు పోలేదు.

మొదటి రోజు, ఆత్మకూరు ఇంకో పావుగంట ఉందనగా, రమణి బస్సులోనే సంచిలోంచి బొట్టుబిళ్ళ తీసి పెట్టుకుంది. నాలుగు గాజులు తొడుక్కుంది.

"మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని అడిగాడు జనార్దనయ్య.

"లారీ తోల్తాడయ్యా. నెలనెలా జీతం వస్తాది."

ఆయన ఆ మాటే ఒక కాగితం మీద రాసి ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. తిరుగు బస్సులో ఆమె బొట్టు తీసేసింది, గాజులు సంచిలో వేసింది. అప్పటినుంచి ప్రతి సోమవారం అంతే. ఊళ్ళో ఒక మనిషి, ఆత్మకూరులో ఇంకో మనిషి. బస్సులో తెలిసిన మొహం కనిపిస్తే కొంగు నుదుటి మీదికి లాక్కునేది. ఒక్క సోమవారమైనా డబ్బు ఆలస్యం చేయలేదు, అయినా కొట్టు మెట్లెక్కేటప్పుడు కాళ్ళు వణికేవి.

మొన్న వేసవిలో ఆ వణుకు జ్వరమయింది. కలిగిరిలో ఒకామె వేరేవాళ్ళ పొలం పాసుబుక్కు తనదని చూపించి చీరలు తీసుకుందట. జనార్దనయ్య కేసు పెట్టాడు, పోలీసులు ఆమెను జీపులో ఎక్కించుకుపోయారు. కొట్లో ఈ సంగతి చెబుతూ ఆయన, "ఇంక అందరి ఇండ్లూ నేనే వచ్చి చూసుకుంటా" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, రమణి చెయ్యి తనకు తెలియకుండానే నుదుటి మీదికి పోయింది.

అదే రోజు బస్సులో మా ఊరి పిచ్చమ్మ ఆమె బొట్టు చూసింది. చూసి ఊరుకుంటే పిచ్చమ్మ ఎందుకవుతుంది? రమణి ఇంటికి చేరేలోపే పోలేరమ్మకు ఫోను వచ్చింది.

"ఎవుడే వాడు?" అంది పోలేరమ్మ.

రమణి ఏడుస్తూ ఉన్నదంతా చెప్పింది. ముసలామె లేచి మేకలకు నీళ్ళు పెట్టింది. ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

వారం తిరగకముందే ఒక ఉదయం జనార్దనయ్య ఫోను చేశాడు. "ఉదయగిరిలో పెండ్లికి వచ్చినా. అర్ధగంటలో మీ ఇంటికాడ ఉంటా."

రమణి గోడకున్న కోటేశ్వర్ పటం దండతో సహా దించి పరుపు కింద పెట్టింది. అత్త ఎదురుగానే బొట్టు పెట్టుకుంది. గాజులు తొడుక్కుంటుంటే రెండు పగిలాయి. జీపు, స్టేషను, పేపర్లో తన ఫొటో, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి.

జనార్దనయ్య కారు దిగి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు. "మీ ఆయన లేడా?" అన్నాడు. రమణి ఖాళీ చెంబు అందుకుంది.

"లోడెత్తుకోని మద్రాసు పొయ్యినాడయ్యా," అంది పోలేరమ్మ, చింతపండు గింజలు తీస్తూ. "మొన్న వచ్చినాడు. వంకాయ కూరంటే పానం వాడికి, రెండు ముద్దలు ఎక్కవే తిన్నాడు. గొంతు బాగలేదంటే మిరియాలు నూరి ఇచ్చినా. శనివారానికి వస్తాడు."

"పెద్దామె చెప్పినాక ఇంకేంది," అని ఆయన లేచాడు. ఈసారి రెండు మూటలు తీసుకుపొమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

కారు మలుపు తిరిగేదాకా రమణి వాకిట్లోనే నిలబడింది. తర్వాత లోపలికి పోయి, పటం తీసి గోడకు తగిలించబోయింది.

"ఉండనీలే రమణీ," అంది పోలేరమ్మ అరుగు మీదినుంచి. "శనివారం దాకా తగిలించబాక."

రమణి తిరిగి చూసింది. ముసలామె మొహం వెలిగిపోతోంది. కోటేశ్వర్ పోయినప్పటినుంచి ఆ మొహంలో అలాంటి వెలుగు రమణి చూడలేదు. పోలీసులకు ఇన్నాళ్ళు భయపడింది గానీ, ఇంత భయం ఎన్నడూ వేయలేదు. అబద్ధం తనది, సంతకం తనది. ఇప్పుడు అత్తను కూడా అందులోకి దించింది, ఆమె కొడుకు నిజంగానే వస్తాడనుకుంటూ అందులోనే ఉండిపోయేలా ఉంది.

పటాన్ని గుండెకు ఆనించుకుని ఫోను కలిపింది.

"అయ్యా, మా ఆయన లేడు."

"తెలుసు గదమ్మా, మద్రాసులో..."

"కాదయ్యా. చచ్చిపొయ్యి రెండేండ్లు దాటింది. నేనే అబద్ధం చెప్పినా. మా అత్తకేం సంబంధం లేదు."

అటునుంచి కారుకు బ్రేకు వేసిన చప్పుడు వినిపించింది. "ఇంట్లోనే ఉండు. వెనక్కొస్తన్నా," అని జనార్దనయ్య ఫోను పెట్టేశాడు.

పోలేరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహంలో ఆ వెలుగు లేదు. "ఏమన్నాడు?"

"వస్తన్నాడంట, అత్తా."

ముసలామె వచ్చి ఆమె చేతుల్లోంచి పటం తీసుకుంది. చీరకొంగుతో అద్దం తుడిచింది, చాలాసేపు తుడిచింది.

"రానీ," అంది. "స్టూలు వెయ్యి, నా బిడ్డను నేను తగిలిస్తా."