సైకిలెక్కినవాడు

అరవైల చివర్లో శ్రీకాకుళం కాలేజీ కుర్రాళ్లు సైకిళ్ల మీద బెల్లు కొట్టకుండా, నలుగురేసి వరసకట్టి అరసవల్లి రోడ్డంతా ఆక్రమించేవాళ్లు. ఒకసారి వాళ్లలో ఒకడు పెరుగమ్మే ముసలమ్మను గుద్ది, కుండ పగలగొట్టి, వెనక్కి చూడకుండా పోయాడు. ఆ రోజు నుంచి సైకిలెక్కిన ప్రతివాడూ ఊరికి రౌడీయే. నేను ఆఫీసుకు పోతూ బెల్లు కొడితే, "రోడ్డు నీ బాబుదేటి?" అని కసిరేవారు. కొట్టకపోతే, "గుద్దీసి సంపేస్తావేటి?" అని తిట్టేవారు. ఒళ్లు మండిపోయేది. కానీ ఎవరికని చెప్పను?

చివరికి ఒక ఆదివారం, గుడికెళ్లే జనం మధ్య సైకిల్ దిగి, చేత్తో నడిపించుకుంటూ వెళ్లాను. ఆ పెరుగు ముసలమ్మే ఎదురొచ్చి, నన్ను ఎగాదిగా చూసి అడిగింది:

"ఎవులిని గుద్దీసినావు బాబూ, సైకిల్ దిగిపోనావు?"