చెరిగిపోయిన అంచులు

గత ఏడాది ధర్మవరంలోని మా ఇంట్లో, కంప్యూటరుకున్న రెండు హార్డ్‌డిస్కుల్లో పాతదానిలో, విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లు రకరకాలవి ఎక్కించి చూస్తూ ప్రతి అడుగూ నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. "మొదటి డిస్కు పాతది, చెరపవచ్చు" అని అందులో ఉంది. ఒకరోజు కంప్యూటరు ఆ రెండు డిస్కుల వరుసను మార్చి చూపింది. తెర చదవక, నా పుస్తకాన్నే నమ్మి మొదటిదాన్ని చెరిపి కొత్త లినక్స్ ఎక్కించాను. మా నాయన గీసిన పట్టుచీరల అంచు నమూనాలన్నీ స్కాన్ చేసి దాచింది అందులోనే. అసలు కాగితాలను ఎప్పుడో చెదలు తినేశాయి.

ఆ డిస్కును హిందూపురం తీసుకెళ్లాను. "దాని మీదనే కొత్తది ఎక్కిస్తివి కదప్పా పెద్దాయనా, ఇంక యాడుంటాది?" అన్నాడు మరమ్మతు చేసే అతను.

"చెప్పకుండా వరుస మార్చడమేమిటి!" అని ఇంటికొచ్చి కంప్యూటరు మీద మండిపడ్డాను. మా ఆవిడ తన పెళ్లిచీర నా ముందు పరిచింది. "అరిచేది చాల్లేయ్యా. ఈ అంచు మామ గీసిందే. చూసి మళ్లా గీయి."

నాయన గీసినవాటిలో నాకు మిగిలింది అదొక్కటే.